ఏ ఫ్రాంకెన్‌స్టీన్‌తో మొదలుపెట్టాలి?

పాత హారర్ సినిమాల పిచ్చి ఉందని తెలిసిన దగ్గర్నుంచి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే: "ఫ్రాంకెన్‌స్టీన్ చూద్దామనుకుంటున్నా, ఏది చూడమంటావ్?" అడగడంలో న్యాయం ఉంది. ఆ పేరుతో వెతికితే నూట పదిహేనేళ్ల సినిమాలు వరసగా వచ్చి పడతాయి. మూకీ ఉంది, నలుపు తెలుపు ఉంది, రంగుల్లో ఉంది, కామెడీ ఉంది, మొన్న 2025లో వచ్చింది కూడా ఉంది. తెలియక ఏదో ఒకటి పెట్టేసి, పావుగంటకే ఆపేసి, "దీనికేనా ఇంత పేరు" అన్నవాళ్లు నాకు తెలుసు.

ముందు ఒక చిన్న మాట. ఫ్రాంకెన్‌స్టీన్ అంటే ఆ కుట్ల మొహం భూతం కాదు, దాన్ని తయారుచేసిన సైంటిస్టు. భూతానికి పేరే లేదు.

ఇక ఎంపిక సంగతి. నేను ఈ సినిమాలన్నిటినీ ఒకే సీను పట్టుకుని పోల్చుకుంటాను. చచ్చినవాడిని లేపే సీను. దీనికో కారణం ఉంది. మేరీ షెల్లీ 1816లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జెనీవా సరస్సు ఒడ్డున ఈ కథ మొదలుపెట్టింది. 1818లో పుస్తకం వచ్చింది. ఆ పుస్తకంలో ప్రాణం పోసే ఘట్టం కొన్ని వాక్యాల్లో అయిపోతుంది. నవంబరు నెల, వాన, ఆరిపోబోతున్న కొవ్వొత్తి, తెరుచుకున్న ఒక పసుపుపచ్చ కన్ను. అంతే. ఎలా లేపాడన్నది ఆమె చెప్పలేదు. మన కచుడి కథలోనూ ఇంతే కదా. శుక్రాచార్యుడు మృతసంజీవని చదివాడంటారు, కచుడు లేచి వచ్చాడంటారు, మంత్రం మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పేవాళ్లకి ఆ సౌకర్యం ఉంది. సినిమా తీసేవాళ్లకి లేదు, ఏదో ఒకటి చూపించి తీరాలి. అందుకని ప్రతి యూనిట్టూ తన పద్ధతి తాను కనిపెట్టుకుంది. ఆ పద్ధతి ఏమిటో చూస్తే ఆ సినిమా మీకు పడుతుందో లేదో సగం తెలిసిపోతుంది.

మొదటి పద్ధతి నిప్పు. 1910లో ఎడిసన్ కంపెనీ న్యూయార్క్‌లోని బ్రాంక్స్ స్టూడియోలో తీసిన మూకీ ఇది, నిడివి పావుగంట లోపే. దర్శకుడు జె. సెర్ల్ డాలీ. పెద్ద కొప్పెరలో పొగలోంచి ఎముకలు, వాటి మీద మాంసం, తర్వాత చేతులు, తల వాటంతటవే చేరుకుంటూ ఒక ఆకారం లేచి నిలబడుతుంది. చేసింది ఏమిటంటే, ఒక బొమ్మను తగలబెట్టి, అది కాలి కూలిపోవడాన్ని షూట్ చేసి, ఆ ఫిల్మును వెనక్కి తిప్పి చూపించారు. కూలిపోతున్నది కాస్తా లేస్తున్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు చూస్తే బొమ్మని తెలిసిపోతుంది, అయినా మంటలు కిందికి జారుతూ చెయ్యి పైకి లేచే ఆ తీరులో ఏదో చెడ్డ కల లాంటిది ఉంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని బాగుచేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. టీ తాగుతూ చూసేయొచ్చు. దీన్ని మొదటి సినిమాగా మాత్రం లెక్క వేసుకోకండి, ఇది ఆవకాయకి ముందు నాలిక మీద వేసుకునే ఉప్పురాయి.

రెండో పద్ధతి పిడుగు. అసలు సినిమా ఇదే. 1931, యూనివర్సల్ స్టూడియో, దర్శకుడు జేమ్స్ వేల్. మీరు ఎవరైనా సరే, హారర్ అంటే ఇష్టం ఉన్నా లేకపోయినా, మొదలుపెట్టాల్సింది ఇక్కడే అన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఎలా తీశారో తెలిసి చూస్తే ఒకలా, తెలియక చూస్తే ఒకలా ఉంటుంది.

మొదట ఇది వేల్ చేతిలో లేదు. రాబర్ట్ ఫ్లోరీ డైరెక్ట్ చేయాలి, అప్పటికే డ్రాక్యులాతో మోత మోగించిన బేలా లుగోసి భూతం వేయాలి. టెస్టు రీలు కూడా తీశారు. తర్వాత ప్రాజెక్టు చేతులు మారింది. వేల్ ఇంగ్లండువాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆఫీసరుగా పోరాడి జర్మన్లకు ఖైదీగా చిక్కినవాడు. శవాల గుట్టలు అతనికి కథల్లో చదివిన సంగతి కాదు. స్టూడియో క్యాంటీన్‌లో అన్నం తింటున్న ఒక చిన్న నటుడి మొహం అతని కంట్లో పడింది. పేరు బోరిస్ కార్లాఫ్. నలభై దాటిన మనిషి, అప్పటికే డజన్లకొద్దీ సినిమాల్లో చిల్లర వేషాలు వేసి ఉన్నాడు. అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. తండ్రి మన దేశంలో బ్రిటిష్ వాళ్ల ఉప్పు శాఖలో ఉద్యోగి, కుటుంబంలో భారతీయ రక్తం ఉంది. ఈ సంగతి చెబితే మనవాళ్లు ఎవరూ ఒక పట్టాన నమ్మరు.

మేకప్ మనిషి జాక్ పియర్స్. అతని లెక్క చాలా సింపుల్. సర్జన్ కానివాడు పుర్రె తెరిచి మెదడు పెట్టాలంటే ఏం చేస్తాడు? కుండ మీద మూత తీసినట్టు పైభాగం అడ్డంగా కోసి, లోపల పెట్టి, మళ్లీ మూసి బిగిస్తాడు. అందుకే ఆ తల పైన బల్లపరుపుగా ఉంటుంది. మెడకు రెండువైపులా ఉన్నవి మనం అనుకునే బోల్టులు కావు, కరెంటు ఎక్కించే ప్లగ్గులు. దూది పొరల మీద కలోడియన్ అనే జిగురుమందు పూస్తూ నుదురు కట్టాడు. మొహానికి ఆకుపచ్చ, బూడిద కలిసిన రంగు వేశాడు, నలుపు తెలుపు ఫిల్ములో అది శవం పాలిపోయినట్టు పడుతుంది. కళ్లు మరీ చురుగ్గా ఉన్నాయని రెప్పల మీద మైనం పెట్టి బరువు చేశారు. కార్లాఫ్‌కి ఒకవైపు కట్టుడు పళ్లుండేవి, అవి తీసేస్తే ఆ బుగ్గ లోపలికి పోయింది, దాన్నీ వాడుకున్నారు. కోటు చేతులు కురచ చేశారు, చేతులు మరీ పొడుగ్గా వేలాడుతున్నట్టు కనపడాలని. రోజూ ఈ తంతుకి నాలుగు గంటలు. ఆ మీదట లోపల దూది కుక్కిన సూటు, కాళ్లకి బండరాళ్లలాంటి బూట్లు, కాలిఫోర్నియా ఆగస్టు ఎండ.

ఇంత కష్టపడ్డవాడి పేరు టైటిల్స్‌లో లేదు! భూతం పాత్రకు ఎదురుగా ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. పేరు చివర్లో వేశారు.

ఇక లేపే సీను. పాత బురుజులో ల్యాబు, బయట తుఫాను, బల్ల మీద గుడ్డ కప్పిన శరీరం. బల్లను గొలుసులతో కప్పు దాకా లేపుతారు, పిడుగు తాకుతుంది, దించుతారు. చుట్టూ మెరుపులు కక్కే యంత్రాలు కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ అనే ఎలక్ట్రీషియన్ సొంతంగా తయారుచేసినవి. ఆ నిప్పురవ్వలు ఫిల్ము మీద గీసినవి కావు, నిజం కరెంటు. ఇంత హంగామా అయ్యాక మనకు కనిపించేది ఏమిటయ్యా అంటే, ఒక చెయ్యి. వేళ్లు మెల్లగా కదలడం. మొహం చూపించడు. సైంటిస్టు వేషం వేసిన కాలిన్ క్లైవ్ "బతికింది, బతికింది" అని గొంతు చించుకుంటున్నా కెమెరా ఆ చేతి దగ్గరే మొదలవుతుంది.

భూతం మొహం ఇంకా చాలాసేపటికి గానీ కనపడదు. తలుపు తెరుచుకుంటుంది, వాడు వెనక్కి నడుచుకుంటూ వస్తాడు. వీపు ముందు. నెమ్మదిగా తిరుగుతాడు. మొహం, ఇంకొంచెం దగ్గరగా మొహం, ఇంకా దగ్గరగా. మూడు ముక్కలు, అంతే. ఆ తర్వాత కప్పులో కిటికీ తీస్తే పైనుంచి వెలుగు పడుతుంది. వాడు తల ఎత్తి, రెండు చేతులూ చాచి, ఆ వెలుగును పట్టుకోబోతాడు. కిటికీ మూసేస్తారు. చేతులు ఖాళీగా అలాగే ఉండిపోతాయి.

ఈ సినిమాని మా అక్క కొడుక్కి చూపించాను, పద్నాలుగేళ్లు వాడికి. మొదటి పది నిమిషాలూ నవ్వుతూనే ఉన్నాడు. ఫ్రిట్జ్ అనే గూని సహాయకుడు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి మేజోడు పైకి లాక్కుంటాడు, అది మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. వెలుగు సీనుకి వచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టేశాడు. అయిపోయాక అడిగింది ఒకటే: "మామయ్యా, వాడు చేసిన తప్పేంటి?"

ఒక హెచ్చరిక. పేర్ల దగ్గర తప్ప ఈ సినిమాలో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు. టాకీలు వచ్చిన కొత్త, ఇంకా ఆ అలవాటు కుదరలేదు. ప్రతి తలుపు చప్పుడుకీ బీజీఎమ్ గుండెలదరగొట్టే సినిమాలకి అలవాటుపడ్డ మనకి మొదట ఏదో లోటుగా అనిపిస్తుంది. రాత్రిపూట లైట్లార్పి చూస్తే ఆ నిశ్శబ్దమే పట్టేసుకుంటుంది. పగలు, బస్సులో, ఫోన్‌లో అయితే వద్దే వద్దు.

రెండో హెచ్చరిక కాపీ గురించి. హాస్టల్ రోజుల్లో నేను మొదటిసారి చూసిన సీడీలో సరస్సు సీను కోసేసి ఉంది. ఒడ్డున చిన్నపిల్ల మరియా భూతంతో ఆడుకుంటూ పూలు నీళ్లలోకి విసురుతుంది, తేలుతున్నాయని ఇద్దరూ మురిసిపోతారు. పూలయిపోతాయి. పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుని వాడు ఆమెను ఎత్తి నీళ్లలో వేస్తాడు. సెన్సారు వాళ్లు దీన్ని దారుణమని కోయించారు, కోత వల్ల ఇంకా దారుణమైంది. వాడు పిల్ల వైపు చేతులు చాచడం దగ్గర ఆగిపోయి, తర్వాత తండ్రి ఆ పిల్ల శవాన్ని మోసుకుంటూ ఊళ్లోకి వస్తుంటే, మధ్యలో ఏం జరిగిందో మనం ఊహించుకునేది అసలు జరిగినదానికంటే వెయ్యి రెట్లు ఘోరం. నేనూ అదే ఊహించుకుని ఏళ్ల తరబడి ఆ భూతాన్ని అసహ్యించుకున్నాను. ప్రాణం వచ్చిన క్షణంలో దేవుడిగా ఉండటమంటే ఏమిటో ఇప్పుడు తెలిసిందని సైంటిస్టు అనే డైలాగు మీద కూడా ఉరుము శబ్దం వేసి కప్పేశారు. ఈ రెండూ ఎనభైల్లో తిరిగి కలిపారు. మీ కాపీ నిడివి డెబ్బై నిమిషాలు ఉండాలి, పిల్ల నీళ్లలో పడటం కనపడాలి. లేకపోతే వేరే కాపీ వెతుక్కోండి.

సరస్సు సీను తీసిన రోజు ముచ్చట కూడా చెప్పేస్తాను. మరియాగా వేసిన ఏడేళ్ల మారిలిన్ హారిస్‌కి భూతం వేషంలో ఉన్న కార్లాఫ్ అంటే భయమే లేదట, షూటింగ్ స్పాట్‌కి అతని కారులోనే వెళ్లిందట. నీళ్లలో పడే షాట్ ఒకసారికి కుదరలేదు. మళ్లీ చేస్తే ఏం కావాలన్నా ఇస్తానని వేల్ ఆశపెట్టాడు. ఆ పిల్ల అడిగింది డజను ఉడకబెట్టిన గుడ్లు. ఇంట్లో ఎప్పుడూ డైటింగేనట పాపం. వేల్ రెండు డజన్లు పంపించాడు.

1935లో అదే వేల్, అదే కార్లాఫ్ చేసిన "బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్" విషయానికి వద్దాం. సినిమా తెలిసినవాళ్లలో చాలామంది మొదటిదానికంటే ఇదే గొప్పదంటారు, నేరుగా ఇదే చూడమని సలహా ఇస్తారు. గొప్పదన్నమాట నేనూ ఒప్పుకుంటాను. నేరుగా చూడమంటే మాత్రం ఒప్పుకోను. ఇందులో భూతం మాట్లాడతాడు. అడవిలో ఒక గుడ్డి ముసలాయన వాణ్ని ఇంట్లోకి పిలిచి, రొట్టె పెట్టి, వయొలిన్ వినిపించి, నాలుగు మాటలు నేర్పుతాడు. మొదటి సినిమాలో డెబ్బై నిమిషాలు మూలుగులు తప్ప మాట రాని వాణ్ని చూసి ఉంటేనే, వాడి నోట స్నేహితుడు అన్న మాట వచ్చినప్పుడు మన గొంతుకి ఏదో అడ్డం పడుతుంది. తమాషా ఏమిటంటే భూతం మాట్లాడటం కార్లాఫ్‌కే ఇష్టం లేదు. మాట్లాడాలి కాబట్టి కట్టుడు పళ్లు తీయడం కుదరలేదు, అందుకే ఇందులో బుగ్గలు కాస్త నిండుగా కనిపిస్తాయి. పక్కపక్కన పెట్టి చూడండి.

లేపే సీను ఇక్కడ పదింతలైంది. తుఫానులోకి గాలిపటాలు ఎగరేస్తారు, కెమెరా పక్కకి ఒరిగిపోతుంది, ఫ్రాంజ్ వాక్స్‌మన్ సంగీతంలో డోలు దెబ్బలు గుండె చప్పుడులా నడుస్తాయి. మొదటిదాంట్లో సంగీతం లేని లోటంతా ఇందులో తీర్చేశారు. పెళ్లికూతురిగా ఎల్సా లాంచెస్టర్. ఆమే మొదట్లో మేరీ షెల్లీగానూ కనిపిస్తుంది. ఈజిప్టు రాణి నెఫెర్టీటీ బొమ్మను చూసి ఆ జుట్టు కట్టారు, తీగ చట్రం మీదికి దువ్వి, రెండు పక్కలా తెల్లటి చారలు పెట్టారు. పెళ్లికూతురుగా ఆమె తెర మీద ఉండేది కొద్ది నిమిషాలే, ఒక్క మాటా లేదు. బుసకొట్టడం మాత్రం లండన్ రీజెంట్స్ పార్కులో కోపమొచ్చిన హంసలను చూసి నేర్చుకుందట. చివర్లో ల్యాబు కూలిపోతున్నప్పుడు జాగ్రత్తగా చూస్తే లోపల సైంటిస్టు ఇంకా కనిపిస్తాడు. మొదట రాసుకున్న కథలో అతనూ చచ్చిపోవాలి, తర్వాత మనసు మార్చుకుని బయట పడేశారు గానీ ఆ పెద్ద షాట్ మళ్లీ తీయలేదు.

రెండూ కలిపి రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. మన మామూలు సినిమా ఒకటి కూర్చుని చూసే టైమే. ఒకే రాత్రి, మధ్యలో ఇంటర్వెల్ ఇచ్చుకుని చూడండి.

నలుపు తెలుపు చూడలేం బాబోయ్ అనేవాళ్లుంటారు. వాళ్లకి 1957 నాటి "కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్". మన మాయాబజార్ వచ్చిన ఏడాదే ఇంగ్లండులో హామర్ అనే చిన్న కంపెనీ దీన్ని రంగుల్లో తీసింది. దర్శకుడు టెరెన్స్ ఫిషర్, సైంటిస్టుగా పీటర్ కుషింగ్, భూతంగా ఆరడుగుల అయిదంగుళాల క్రిస్టఫర్ లీ. పియర్స్ మేకప్ మీద హక్కులు యూనివర్సల్‌వి, బల్లపరుపు తల గానీ మెడ ప్లగ్గులు గానీ వాడితే కోర్టుకి లాగుతామన్నారు. దాంతో ఫిల్ లీకీ అనే మేకప్ మనిషి వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. ఏదీ కుదరక, షూటింగ్ నెత్తి మీదికి వచ్చాక, యాక్సిడెంట్‌లో చితికినట్టుండే మొహం ఒకటి తేల్చారు. ఇక్కడ శరీరం పడుకునేది బల్ల మీద కాదు, నీళ్ల తొట్టిలో. లేచే క్షణం కంటే మొహం బయటపడే క్షణం మీదే ఫిషర్‌కి మోజు. తలుపు తీయగానే కట్లు చుట్టుకుని నిలబడి ఉంటాడు, ఒక్క గుంజుడుతో మొహం మీది కట్టు పీకేస్తాడు, కెమెరా దూసుకుపోతుంది.

దీన్ని ఎంచుకునేముందు ఒకటి గుర్తుంచుకోండి, ఇది భూతం కథ కాదు. కుషింగ్ కథ. శవం తల కోశాక చేతికంటిన నెత్తురును అతను కోటుకి అలవోకగా తుడుచుకుంటాడు, మనం పూరీ తిని చెయ్యి తుడుచుకున్నంత మామూలుగా. భయం అక్కడుంది. ఆ తర్వాత హామర్ వాళ్లు తీసిన సీక్వెల్స్‌లో కూడా భూతాలు మారుతుంటాయి, కుషింగ్ ఉంటాడు. విలన్ బాగా కుదిరితే చాలు అనుకునేవారికి ఇదే రైటు. భూతం మీద జాలి కావాలంటే దీంట్లో దొరకదు.

1985 నాటి "రీ-యానిమేటర్" గురించి రెండు ముక్కల్లో ముగిస్తాను. స్టువర్ట్ గోర్డన్ తీశాడు, అమెరికన్ హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్ కథలు ఆధారం. పద్ధతి ఇంజెక్షన్. సిరంజిలో మెరిసే ఆకుపచ్చ మందు, మెళ్లో వేసుకునే మెరుపు గొట్టాల్లో ఉండే ద్రవమే. ఒక చచ్చిన పిల్లి లేస్తుంది, తర్వాత లేవకూడనివన్నీ లేస్తాయి. విపరీతమైన నెత్తురు, విపరీతమైన నవ్వు, వెనకాల "సైకో" సంగీతానికి కవల తమ్ముడిలాంటి సంగీతం. ఒక ఆడమనిషి మీద జరిగే అఘాయిత్యం సీను ఉంది, అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఇంట్లో అందరితో కూర్చుని పెట్టారో, ఇక మీ ఇష్టం. ఒంటరిగా చూసే, కడుపు గట్టిగా ఉన్న పెద్దవాళ్లకి మాత్రమే.

పుస్తకం చదివి, ఆ కథే తెర మీద చూడాలనుకునేవాళ్లకి గియెర్మో డెల్ టోరో 2025లో తీసింది పనికొస్తుంది, నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, రెండున్నర గంటలు. పుస్తకంలోలాగే ఇందులో భూతం తన కథ తానే చెప్పుకుంటాడు. సెట్లు చూసి నోరెళ్లబెట్టాను. కానీ ఆ 1931 చేతివేళ్లు కదిలినప్పటి గగుర్పాటు నాకు ఇందులో దొరకలేదు. చిన్నవాళ్లకి దొరుకుతుందేమో.

చివరిది 1974లో మెల్ బ్రూక్స్ తీసిన "యంగ్ ఫ్రాంకెన్‌స్టీన్". కామెడీ కదా, తేలిగ్గా ఉంటుంది కదా అని చాలామంది దీంతో మొదలుపెడతారు. నవ్వొస్తుంది, కానీ సగమే. గుడ్డి ముసలాయన భూతం ఒళ్లో వేడి సూప్ పోసే సీను, 1935 నాటి గుడ్డి ముసలాయనను చూసినవాళ్లకి ఒకలా, చూడనివాళ్లకి ఒకలా ఉంటుంది. అందుకే వేల్ సినిమాలు రెండూ అయ్యాకే ఇది. నలుపు తెలుపులోనే తీస్తానని బ్రూక్స్ పట్టుబడితే ఒక స్టూడియో వెనక్కి తగ్గింది, ఇంకో స్టూడియోకి వెళ్లి తీశాడు. ల్యాబు సామాను కోసం వెతుకుతుంటే స్ట్రిక్‌ఫాడెన్ ఇంకా బతికే ఉన్నాడని, పాత యంత్రాలు ఇంట్లో గ్యారేజీలోనే పెట్టుకున్నాడని తెలిసింది. వెళ్లి అడిగితే ఇచ్చాడు. హీరో జీన్ వైల్డర్ మీట నొక్కగానే వెనకాల చిటపటలాడేవి నలభై మూడేళ్ల కింద కార్లాఫ్ చుట్టూ చిటపటలాడిన ఆ యంత్రాలే.